బేచిరాకు లోయ

మన రెవెన్యూ కాగితాల్లో ఒక మాట ఉంది: బేచిరాకు గ్రామం. దానికి పేరుంటుంది, పొలిమేరలుంటాయి, సర్వే నంబర్లుంటాయి. మనుషులుండరు. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరు బేచిరాకు. స్కాట్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న స్ట్రాత్‌నేవర్ గురించి ఎప్పుడు చదివినా నాకు మన కరణాలు రాసిపెట్టిన ఆ మాటే మెదులుతుంది. అక్కడ ఒక ఊరు కాదు, లోయకు లోయే బేచిరాకు అయింది. కరువు వల్ల కాదు, గత్తర వల్ల కాదు. గొర్రెలకు మేత కావలసి వచ్చింది, అందుకు.

స్ట్రాత్ అంటే నది పారే వెడల్పాటి లోయ. నేవర్ అనే సరస్సులోంచి బయల్దేరిన ఏరు ముప్పై కిలోమీటర్లు తిరక్కుండానే బెటిహిల్ దగ్గర సముద్రంలో పడుతుంది. సాల్మన్ చేపలకు పేరున్న నీళ్లు. ఆ ఒడ్డున ఒకే బండి పట్టే సన్నటి రోడ్డు మీద పోతుంటే రెండు వైపులా గోధుమరంగు గడ్డి, హెదర్ పొదలు, ఎక్కడ అడుగు వేసినా కాలు దిగబడే ఊటనేల. ఆ ఎండురంగు మధ్యలో ఉన్నట్టుండి ఒక పచ్చటి ముక్క కనిపిస్తుంది. కాస్త ఎగువన ఇంకొకటి. దగ్గరికి పోతే గడ్డి కింద రాళ్ల వరసలు తగులుతాయి. అవి ఇళ్ల పునాదులు. తరతరాలుగా పెంట తోలి, గుల్ల చేసి, పండించిన నేల కాబట్టి ఆ ముక్కలు పచ్చగా ఉన్నాయి. ఎరువు తోలినవాళ్లను వెళ్లగొట్టి రెండు వందల ఏళ్లు దాటింది. వాళ్ల చాకిరీ మాత్రం ఏటా చిగురిస్తూనే ఉంది.

రోసల్, గ్రమ్మోర్, గ్రంబెగ్, అఖ్‌నెస్, సైర్. ఇవి ఆ ఊళ్ల పేర్లలో కొన్ని. 1962లో హోరేస్ ఫేర్‌హర్స్ట్ అనే పరిశోధకుడు రోసల్‌లో తవ్వకం జరిపించాడు. ఇళ్లు, కొట్టాలు, ధాన్యం ఆరబెట్టే బట్టీలు, ఊరి చుట్టూ కట్టుకున్న గోడ, అన్నీ లెక్కకు వచ్చాయి. తర్వాత అటవీ శాఖ చుట్టూరా కోనిఫర్ చెట్లు నాటింది. ఊరి గోడ లోపలి నేలను మాత్రం అలాగే వదిలేసింది. దట్టమైన అడవి నడుమ గుండ్రటి ఖాళీ. పుష్కరాలుగా పూజ ఆగిపోయిన గుడి ఆవరణలా ఉంటుంది.

ఈ లోయ సదర్లాండ్ అనే సీమలోది. ఉత్తరపు అంచున ఉన్నదాన్ని దక్షిణ దేశం అనడం వింతగా ఉంటుంది గానీ, ఆ పేరు పెట్టినవాళ్లు ఇంకా పైనున్న దీవుల నుంచి దిగివచ్చిన నార్స్ జనం. వాళ్ల చూపుకు ఇది దక్షిణం. ఐదు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ సీమలో ఇవాళ ఉన్నది సుమారు పదమూడు వేల మంది. మనవైపు రెండు మూడు పెద్ద పంచాయతీల జనం. అటు పక్కనున్న కేత్‌నెస్‌తో కలిపి ఇక్కడి ఊటనేలలకు 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కార్లలో వచ్చేవాళ్లు ఆగి, ఆ నిర్మానుష్యాన్ని ఫొటో తీసుకుంటారు. మనిషి అడుగు పడని చోటు అని మురిసిపోతారు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ ఖాళీని చూస్తే ఎవరికైనా ప్రకృతి అనే తోస్తుంది.

అక్కడ బతుకు ఎలా ఉండేదో చెప్పకపోతే ఏం పోయిందో తెలియదు. ఇంటికి అడుగున రాళ్లు, పైన మట్టిగడ్డల గోడ, ఆ పైన గడ్డి కప్పు. ఒకే గుమ్మం, ఒక పక్క పశువులు, ఇంకో పక్క మనుషులు. నట్టింట్లో నేల మీదే పొయ్యి. కట్టెలు లేని దేశం కనుక ఊటనేలలోంచి పీట్ అనే నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఆరబెట్టి మండించేవారు. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లాలు ఆ నిప్పు మీద నివురు కప్పి, దేవుడి పేరు తలుచుకునేది. తెల్లారి నివురు తోసి, అదే నిప్పును మళ్లీ రాజేసేది. అలా ఏళ్ల తరబడి పొయ్యి ఆరేది కాదు.

గోడలు మట్టివే కనుక పడిపోతే మళ్లీ కట్టుకోవచ్చు. కప్పు మోసే దూలాలు అలా కాదు. చెట్టు లేని లోయలో మాను దొరకడం గగనం. ఎప్పుడో వేల ఏళ్ల కిందట ఊటనేలలో కూరుకుపోయిన పైన్ మానుల్ని తవ్వి తీసి, చెక్కి, దూలాలు చేసుకునేవారు. ఇల్లు మారితే గోడలు వదిలేసి దూలాలు మోసుకుపోయేవారు. తండ్రి దూలం కొడుకు ఇంటికి ఎక్కేది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బార్లీ, ఓట్లు, బంగాళాదుంపలు తిండికి. నల్ల పశువులు రొక్కానికి. వాటిని దక్షిణాది సంతలకు తోలుకుపోయి అమ్మితే వచ్చిన డబ్బే కౌలు. వేసవి రాగానే ఆడవాళ్లు, పిల్లలు పశువుల్ని కొండ మీదికి తోలుకెళ్లి, గుడిసెలు వేసుకుని, వెన్న, జున్ను చేసేవారు. చలికాలపు రాత్రుళ్లు పాట, కథ. రాబ్ డన్ మెకే అని ఒక కవి 1714లో ఈ సీమలోనే పుట్టాడు. పశువుల కాపరి. చదువు రాదు, రాత రాదు. పాట కట్టి పాడితే మాత్రం ఎవరినీ వదిలేవాడు కాదు, దొరనైనా, పాదిరినైనా. ఆయన పాటలు నోటి నుంచి నోటికి బతికి, ఆయన పోయిన అర్ధ శతాబ్దానికి 1829లో పుస్తకమయ్యాయి. సరిగ్గా అదే ఏడు ఆయన దొర వంశమైన మెకేలు తమ చివరి భూముల్ని సదర్లాండ్ ఎస్టేటుకు అమ్ముకున్నారు. కవి మాటలు అచ్చుకెక్కాయి, కవి పాడిన నేల చేతులు మారింది. డర్నెస్ దగ్గర బల్నకీల్ సముద్రతీరాన పాత చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది.

ఆ లోయ చేజారడం మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. స్ట్రాత్‌నేవర్ మెకే తెగవాళ్ల పుట్టినిల్లు. వాళ్ల నాయకుడు డోనల్డ్ మెకే 1626లో వేలమంది సొంత జనాన్ని పోగుచేసి, యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధానికి తీసుకుపోయాడు. లార్డ్ బిరుదు వచ్చింది, కీర్తి వచ్చింది, దాంతోపాటు అప్పులూ వచ్చాయి. 1642లో స్ట్రాత్‌నేవర్ సదర్లాండ్ ప్రభువుల పరమైంది. రైతుకు అది పెద్ద విషయంగా తోచలేదు. తెగను వాళ్లు క్లాన్ అంటారు, వాళ్ల గేలిక్ భాషలో ఆ మాటకు అర్థం పిల్లలు. దొర తండ్రి, జనం బిడ్డలు. దొర పిలిస్తే కత్తి పట్టుకుని పోవాలి, అందుకు బదులుగా నేల మీద నిలబడే హక్కు తమది. కాగితం లేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. తండ్రిని కాగితం అడిగే బిడ్డ ఎక్కడుంటాడు?

1765లో ఆ ప్రభువుల ఇంట ఎలిజబెత్ పుట్టింది. ఏడాది తిరిగేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ బాత్ నగరంలో జబ్బుచేసి పోయారు. పసిబిడ్డగానే ఆమె సదర్లాండ్ కౌంటెస్. దాయాదులు కోర్టుకెక్కితే 1771లో తీర్పు ఆ పిల్లకే వచ్చింది. తమ దొరసాని గెలిచిందని లోయల్లో పండగ చేసుకుని ఉంటారు. ఆమె పెరిగింది ఎడిన్‌బరోలో, బతికింది లండన్‌లో. 1785లో ఇంగ్లండ్ ప్రభువు జార్జ్ గ్రాన్‌విల్ లెవిసన్‌గోవర్‌ను పెళ్లాడింది. మేనమామ వైపు ఆస్తి, కాలువల మీద వచ్చే రాబడి కలిసి, ఆయన బ్రిటన్‌లోనే మహా సంపన్నుల్లో ఒకడు. ఆ దంపతులు డబ్బుకు ముఖం వాచి ఈ పని చేయలేదు. అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. మంచి చేస్తున్నామని నమ్మి చేశారు.

1799లో 93వ పటాలం కట్టారు. ఊరూరా పడుచువాళ్లను వరసగా నిలబెట్టి, నచ్చినవాడి చేతిలో చిటికెడు నస్యం, గుక్కెడు విస్కీ పెడితే వాడు సిపాయి అయినట్టేనని చెప్పుకునేవారు. కొడుకుల్ని ఇస్తే నేల నిలుస్తుందని తల్లిదండ్రులు ఇచ్చారు. ఆ పటాలంలో క్రమశిక్షణ ఎంతటిదంటే శిక్షలు వేసే పని పడేది కాదని పేరు. దక్షిణాఫ్రికా పోయారు, పోయిన ప్రతిచోటా గేలిక్‌లో ప్రార్థన చేసుకున్నారు, జీతంలోంచి ఇంటికి పంపుకున్నారు.

ఇంటి దగ్గర లెక్కలు మారుతున్నాయి. నెపోలియన్ యుద్ధాల కాలం. ఉన్ని ధర ఎగబాకుతోంది. దక్షిణపు సరిహద్దు సీమల నుంచి షెవియట్ అనే గొర్రె జాతి వచ్చింది. ఎడాపెడా ఉన్ని, దిట్టమైన మాంసం. ఎండాకాలం కొండ మీద మేస్తుంది గానీ, చలికాలం దానికి లోయ అడుగున పచ్చిక కావాలి. కొండలు మాత్రమే ఇస్తామంటే గొర్రెల వ్యాపారి ఒప్పుకోడు. లోయ అడుగున ఊళ్లున్నాయి. చిక్కంతా అక్కడే. ఎస్టేటు పెద్దలు జేమ్స్ లాక్, విలియం యంగ్, పాట్రిక్ సెల్లార్ కాగితం మీద చక్కటి ఏర్పాటు గీశారు. లోయలు గొర్రెలకు, జనం సముద్రతీరానికి. తీరంలో తలా రెండెకరాలు, మిగతాది చేపలవేట. రోడ్లు వేశారు, హెల్మ్స్‌డేల్‌లో రేవు కట్టారు. వాళ్ల మాటల్లో దాని పేరు అభివృద్ధి.

1813లో కిల్డోనన్ లోయవాళ్లు ఎదురుతిరిగారు. సిపాయిల్ని దింపారు. ఆ ఏడే కిల్డోనన్ నుంచి వంద మంది దాకా లార్డ్ సెల్కర్క్ ఓడెక్కి కెనడాకు పోయారు. హడ్సన్ అఖాతంలో చర్చిల్ దగ్గర దిగి, అక్కడి చలికాలం తట్టుకుని, వసంతం రాకముందే మంచు మీద నడిచారు. వాళ్లు చేరిన చోటే ఇవాళ విన్నిపెగ్ నగరం. అక్కడొక పేటకు కిల్డోనన్ అనే పేరు ఇప్పటికీ ఉంది.

1814 వేసవిలో స్ట్రాత్‌నేవర్ వంతు వచ్చింది. ఖాళీ చేయించవలసిన ఎస్టేటు అధికారి సెల్లార్. ఖాళీ అయిన భూమిని గొర్రెలకోసం కౌలుకు పాడుకున్నవాడూ ఆ సెల్లారే. నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. గేలిక్‌లో చదివి వినిపించింది చర్చి పాదిరి. గడువు దాటాక మనుషులు వచ్చారు. సామాన్లు బయట వేశారు, కప్పు కూల్చారు, దూలాలకు నిప్పంటించారు.

దూలాలకే ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. గోడ కూలిస్తే సాయంత్రానికి మళ్లీ లేస్తుంది. దూలం కాలితే ఇల్లు లేవదు, ఇంకోచోటా లేవదు. నివురు కింద కాపాడుకుంటూ వచ్చిన నిప్పు పొయ్యిలోనే ఉంది. కాలుతున్నది నెత్తి మీది కప్పు.

రోసల్‌కు కాస్త దూరంగా బడిన్‌లోస్కిన్ అనే చోట మార్గరెట్ మెకే అనే ముసలావిడ మంచం పట్టి ఉంది. వయసు వందకు దగ్గర. అల్లుడు విలియం చిజమ్ ఇల్లు తగలబడుతుండగా ఆమెను దుప్పట్లో చుట్టి బయటికి తెచ్చారనీ, దుప్పటి అంచులకు అప్పటికే నిప్పంటుకుందనీ సాక్షులు చెప్పారు. పక్కనున్న కొట్టంలో పడుకోబెట్టారు. ఐదు రోజులకు పోయింది. సెల్లార్ మీద నరహత్య కేసు నడిచింది. 1816 ఏప్రిల్‌లో ఇన్వర్నెస్‌లో విచారణ. జూరీలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది భూస్వాములు, వాళ్లతో వ్యవహారాలున్నవాళ్లు. సాక్షులకు గేలిక్ తప్ప రాదు. సెల్లార్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. అతన్ని అరెస్టు చేయించిన మేజిస్ట్రేటు రాబర్ట్ మెకిడ్ తర్వాత క్షమాపణ రాసివ్వవలసి వచ్చింది, ఉద్యోగమూ పోయింది. తీర్పును తీర్పుగానే చెబుతున్నాను. లోయ మాత్రం తన తీర్పు తాను చెప్పుకుంది. సెల్లార్ పేరు ఆ సీమలో ఇప్పటికీ ఎవరూ మామూలుగా పలకరు.

ఈ నడుమనే 1815 జనవరి 8న అమెరికాలో న్యూ ఆర్లీన్స్ ముందు 93వ పటాలం మైదానంలో నిలబడింది. ముందుకు పొమ్మని గాని, వెనక్కి రమ్మని గాని ఆజ్ఞ రాలేదు. ఎదురుగా మట్టికట్ట వెనక నుంచి తూటాలు, ఫిరంగి గుండ్లు వస్తున్నాయి. కదలకుండా నిలబడ్డారు. ఐదు వందలకు పైగా చనిపోయారు, గాయపడ్డారు, పట్టుబడ్డారు. మాట ఇచ్చినవాళ్లు కాబట్టి నిలబడ్డారు. అప్పటికి ఏడు నెలలే అయింది, స్ట్రాత్‌నేవర్‌లో కప్పులు కూలి.

1819లో మిగిలినవాళ్ల వంతు. అఖ్‌నెస్‌లో డోనల్డ్ సేజ్ అనే యువ పాదిరి ఉండేవాడు. ఖాళీ చేయవలసిన వారానికి ముందటి ఆదివారం ఏటి ఒడ్డున పచ్చికలో అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేశాడు. ప్రసంగం మధ్యలో తన గొంతు పూడుకుపోయిందనీ, జనం ఒక్కసారిగా భోరుమన్నారనీ ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ వారంలోనే రోసల్‌కు చెందిన తాపీమేస్త్రీ డోనల్డ్ మెక్‌లాడ్ రాత్రి పదకొండు గంటలకు ఒక గుట్టెక్కి చూశాడు. రెండు వందల యాభై ఇళ్లు మండుతుంటే లెక్కపెట్టానని రాశాడు. వాటిలో చాలా ఇళ్లలో ఉండేది తన బంధువులే. మంటలు ఆరు రోజులు ఆరలేదు. పగటిపూట కమ్ముకున్న పొగలో దారి తెలియక ఓడవాళ్లు తికమకపడ్డారట, రాత్రి మాత్రం ఆ వెలుగులోనే ఒడ్డు చేరారట.

అదే 1819లో, కౌంటెస్ భర్త అయిన ఆ ప్రభువే తీరాన బ్రోరా ఊళ్లో క్లైన్‌లిష్ అనే విస్కీ బట్టీ పెట్టించాడు. తీరానికి వచ్చిపడ్డ రైతుల బార్లీకి గిరాకీ ఉండాలని. ఆ పేరున్న విస్కీ ఇవాళ దేశదేశాల్లో దొరుకుతుంది. సీసా మీద చూసి గర్వపడే స్థాపన సంవత్సరం, స్ట్రాత్‌నేవర్‌వాళ్లు జడుసుకుని తలుచుకునే సంవత్సరం ఒకటే.

తీరంలో వాళ్లకిచ్చింది రాళ్లు, ఇసుక, ఈదురుగాలి. అల పైకి ఎగిరి చేను మీద ఉప్పునీళ్లు చల్లే చోటు. పశువుల్ని తప్ప పడవను ఎరుగని వాళ్లు వలలు పట్టారు. నేర్చుకున్నవాళ్లు బతికారు. నేర్చుకుంటూ కొందరు మునిగిపోయారు. బెటిహిల్ అనే ఊరు అలా పుట్టిందే. బెటీ అంటే ఎలిజబెత్, ఆ కౌంటెస్సే. వెళ్లగొట్టబడ్డ జనం తలదాచుకున్న గుట్టకు వెళ్లగొట్టిన దొరసాని ముద్దుపేరు. 1846లో బంగాళాదుంపకు తెగులు వచ్చేసరికి ఆ రెండెకరాల బతుకు ఎంత పలచటిదో బయటపడింది. ఒక సంగతి చెప్పాలి. ఇళ్లు కాల్చిన ఆ రోజుల్లో సీమ మొత్తం జనాభా పెద్దగా తగ్గలేదు. 1851లో కూడా పాతిక వేలు దాటే ఉంది. ఎస్టేటును వెనకేసుకొచ్చేవాళ్లు ఆ లెక్క చూపిస్తారు. కానీ లోయల్లో ఉండవలసిన పాతిక వేలు తీరపు అంచున ఒకరి మీద ఒకరు ఇరుక్కుని ఉన్నారు. అక్కడి నుంచి ఓడలెక్కి పోతూ పోతూ, సగానికి వచ్చారు.

చదువరులకు ఇది మరోదారిన తెలిసే ఉంటుంది. కార్ల్ మార్క్స్ 1853లో న్యూయార్క్ పత్రికకు, తర్వాత ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో సదర్లాండ్ సంగతి రాశాడు. 1814 నుంచి 1820 దాకా పదిహేను వేల మందిని తరిమారన్నది ఆయన చెప్పిన అంకె. ‘పెట్టుబడి’ని తెలుగులో చదివినవాళ్లు ఆ పేజీని దాటే వచ్చారు. అక్కడ మంటల్లో చిక్కుకున్న ముసలావిడ మార్గరెట్ మెకేయే. ఇక హారియట్ బీచర్ స్టో, ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రాసిన మహాతల్లి, నల్లవాళ్ల సంకెళ్లు చూసి తల్లడిల్లిన మనిషి, ఆ ప్రభువుల ఇంట అతిథిగా ఉండి వచ్చి, సదర్లాండ్‌లో జరిగింది మేలేనని తన యాత్రా పుస్తకంలో సమర్థించింది. అప్పటికి కెనడాలో ముసలివాడైన తాపీమేస్త్రీ మెక్‌లాడ్ ఊరుకోలేకపోయాడు. ఆమె పుస్తకం పేరులో ఎండ ఉంటే, తన పుస్తకం పేరులో చీకటి పెట్టి, 1857లో బదులిచ్చాడు. అంత గొప్ప రచయిత్రి ఒక్క రోజు గుర్రమెక్కి ఆ లోయలోకి పోయి ఉంటే ఆ గడ్డి కింది రాళ్లే ఆమెకు చెప్పేవి.

1854లో క్రిమియా యుద్ధానికి మళ్లీ సిపాయిలు కావలసి వచ్చారు. బలక్లావా దగ్గర ఎర్రకోట్ల పలచటి వరసగా నిలబడి రష్యా గుర్రపు దళాన్ని ఆపింది 93వ పటాలమే. పేరు మాత్రమే అది. లోపల సదర్లాండ్ బిడ్డలు పలచబడ్డారు. ప్రభువు వచ్చి రమ్మని అడిగితే ఒక ముసలాయన లేచి, మనుషులకు బదులు గొర్రెల్ని తెచ్చుకున్నారు కదా, వాటినే పంపండి అన్నాడని ఆ సీమలో చెప్పుకుంటారు. చివరికి గొర్రెలూ నిలవలేదు. ఆస్ట్రేలియా ఉన్ని వచ్చి ధర పడిపోయింది. అదే కొండల్ని దుప్పుల వేటకు వదిలారు.

మాట కూడా పోయింది. తీరానికి చేరి బెస్తలైనవాళ్ల మనుమలు బ్రోరా, గోల్స్‌పీ, ఎంబో ఊళ్లలో చాలాకాలం గేలిక్‌ను నిలుపుకున్నారు. పేదరికం వల్ల, తక్కినవాళ్లు దూరం పెట్టడం వల్ల వాళ్ల మాట వాళ్లలోనే ఉండిపోయింది. నాన్సీ డోరియన్ అనే అమెరికన్ భాషావేత్త 1960లలో వచ్చి, ఆ యాస ఆఖరి తరాన్ని విని రాసుకుంది. 1981లో వచ్చిన ఆమె పుస్తకం, ఒక భాష ఎలా చచ్చిపోతుందో చెప్పే చదువుకు పునాదుల్లో ఒకటి. భాష ఒక్కసారిగా ఆరిపోదని ఆమె చూపించింది. అవ్వ మాట్లాడుతుంది, కూతురు అర్థం చేసుకుని ఇంగ్లీషులో బదులిస్తుంది, మనుమరాలికి తిట్లు, ముద్దుమాటలు మిగులుతాయి. ఈ వరస చదువుతుంటే హైదరాబాదులోనూ డాలస్‌లోనూ మన ఇళ్లు కళ్లముందు కదిలి, పుస్తకం మూసేశాను.

ఇప్పుడు సదర్లాండ్ పోయినవాళ్లకు చూపించేవి చాలా ఉన్నాయి. గోల్స్‌పీ దగ్గర డన్‌రాబిన్ కోట. నూట ఎనభై తొమ్మిది గదులు. లండన్‌లో పార్లమెంటు భవనం గీసిన చార్ల్స్ బారీయే 1845 తర్వాత దానికి ఆ కథల పుస్తకపు శిఖరాలు పెట్టాడు. కోట వెనక బెన్ వ్రాగీ కొండ మీద, నూరడుగుల ఎత్తున, కౌంటెస్ భర్త, మొదటి డ్యూక్ విగ్రహం. 1837లో నిలబెట్టారు. కృతజ్ఞులైన రైతులు శోకిస్తూ నిలిపారని దాని మీద చెక్కి ఉంది. కూల్చెయ్యాలని కొందరు, ఉండనివ్వాలని కొందరు. ఉండాలనే నా మనసు. ఆ చెక్కిన మాటను ప్రతి తరమూ కొండెక్కి చదవాలి. హెల్మ్స్‌డేల్ రేవు పైన గుట్ట మీద 2007లో ఇంకో విగ్రహం పెట్టారు. గెరాల్డ్ లేయింగ్ చేసింది. మగమనిషి ముందుకు చూస్తుంటాడు, పక్కన కొడుకు తండ్రి వంక చూస్తుంటాడు, బిడ్డనెత్తుకున్న తల్లి వెనక్కి లోయ వైపు చూస్తుంటుంది. అచ్చంగా అదే విగ్రహం విన్నిపెగ్‌లోనూ ఉంది.

బెటిహిల్‌లో ఫార్ చర్చి ఇప్పుడు మ్యూజియం. బయట సమాధుల మధ్య పిక్ట్ జనం చెక్కిన వెయ్యేళ్ల నాటి రాతి శిలువ. లోపల 1774 నాటి చెక్క వేదిక. ఖాళీ చేయాలన్న నోటీసును గేలిక్‌లో చదివి వినిపించింది ఆ వేదిక మీది నుంచే. దాని ముందు నిలబడితే తల ఎత్తి చూడవలసినంత ఎత్తు. కింద కూర్చున్నవాళ్లకు ఆ మాట పై నుంచి వచ్చింది, దేవుడి మాట వచ్చే చోటు నుంచే.

1883 జులైలో ఈ బెటిహిల్‌కు ఒక కమిషన్ వచ్చింది. కౌలుదార్ల గోడు వినడానికి ప్రభుత్వం వేసిన కమిషన్. అధ్యక్షుడు లార్డ్ నేపియర్. మనకు తెలిసిన నేపియరే. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు. గంజాం కరువు ఏడు వచ్చి, గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాలన్నీ ఏలినవాడు. చెన్నై మెరీనా దగ్గర కూవం మీద ఉన్న వంతెన ఆయన పేరుదే. ఆ కమిషన్ రిపోర్టు తర్వాత 1886లో చట్టం వచ్చి, కౌలుదారును కారణం లేకుండా వెళ్లగొట్టడం ఆగింది. తీరపు ముక్కలు నిలిచాయి. లోయ తిరిగి రాలేదు.

కమిషన్ ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లలో అంగస్ మెకే అనే ముసలాయన ఉన్నాడు. ఎనభై ఏళ్లుంటాయి. 1814లో ఆయనకు పదకొండు. ఆ పొద్దున అమ్మా నాన్నా చీకటితోనే లేచి పశువుల్ని, గొర్రెల్ని, గుర్రాల్ని తోలుకుని కొత్త చోటికి పోయారు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ నేల మీద ఏ జీవం కనిపించినా జుల్మానా. పిల్లలు పక్కలో నిద్రపోతుంటే లేపకుండా వెళ్లారు. ఒకావిడ పరుగున వచ్చి, లేవండర్రా, సెల్లార్ తగలబెట్టుకుంటూ వస్తున్నాడని అరిచింది. పిల్లలు గుడ్డలు సర్దుకోకుండానే ఏటికి పరుగెత్తారు. అవతలి ఒడ్డున తెలిసినవాళ్ల ఇల్లుంది. అంగస్ మూడేళ్ల తమ్ముణ్ణి వీపు మీదికెత్తుకుని నీళ్లలో దిగాడు. నడుమకు వచ్చేసరికి నీళ్లు తమ్ముడి వీపును తాకాయి. వాడు జడుసుకుని ఏడుస్తూ గింజుకున్నాడు. అంగస్ పడిపోయాడు. తమ్ముడు మెడ చుట్టూ చేతులు బిగించాడు, లేవనివ్వడు. ఇద్దరూ ఏడుస్తున్నారు. అటు ఎగువకు ఒక పేదరాలు తన పిల్లల్ని వెంటబెట్టుకుని పోతూ చూసింది. తన పిల్లల్ని ఒడ్డున వదిలేసి, ఏట్లో దూకి, ఇద్దర్నీ ఈడ్చుకొచ్చి గట్టున వేసింది.